చెత్తసంచి

తెల్లారి నాలుగు గంటలకు ఫర్వానియా ఠాణా నుంచి ఫోను.
తెలుగు మాట్లాడే ఆడమనిషి కావాలంట.
నేను ఆస్పత్రిలో నేల తుడిచే ఖాసింబీని.
పందొమ్మిదేండ్లలో
అరబ్బీ నా మాపుకర్రకు కూడా వచ్చేసింది.

బెంచీ మీద రెడ్డెమ్మ. ఊరు చిన్నమండెం తట్టు.
కాళ్లకు చెప్పులున్నాయి, రెండూ ఎడమవే,
ఒకటి ఆ ఇంటి పిల్లదేమో, మడమ సగం బయటే.
ఒళ్లో నల్ల చెత్తసంచి.
మూతి బిగించి ముడేసి
పొత్తిళ్ల బిడ్డ మాదిరి పట్టుకోనుంది.

చేప ముండ్లు, దానిమ్మ తొక్కలు, నిన్నటి మజ్బూస్.
కంపు.
పోలీసాయన ముక్కు మూసుకోని
దాన్ని బయట పారేయమన్నాడు.
ఆమె నా మొగం చూసి తల అడ్డంగా ఊపింది.

"ఎందుకు పారిపోయిందో అడుగు" అన్నాడు.
అడగబోయినాను.
అరబ్బీ దాటి మన మాటలోకి వచ్చేలోపల
నా నాలిక తోవ మార్చింది:
"ఎట్ల బయటపడితివి మా?"

ఆ ఒక్క మాటకు ఆమె నోరు తెరిచింది.
చెత్త వేసేదానికి మాత్రమే తలుపు తీస్తారంట.
పద్నాలుగు నెలల్లో ఆమె చూసిన కువైట్ అంతా
ఆ తలుపు నుంచి ఆ డబ్బా దాకా,
ఇరవై మూడు అడుగులు.
రాత్రి ఇరవై నాలుగోది వేసింది.
టాక్సీ పఠాను వాసనకు అద్దాలన్నీ దించినాడంట.
దుడ్లు మాత్రం వద్దన్నాడంట.

ఆ తర్వాత చెప్పింది నేనీడ రాయను.
ఠాణాలో చెప్పినాను, ఒక్క మాట మింగకుండా,
ఒక్క మాట కలపకుండా.
కొన్నిటికి నాకు అరబ్బీ లేదు.
ఇండ్లలో నేర్చిన అరబ్బీ నాది:
వండు, తుడువు, బిరబిరా, నోర్ముయ్.
వాటితోనే ఎట్లనో అల్లినాను.

నేనొచ్చిన ఏడాది
నన్నూ ఒక డాక్టరు అడిగినాడు.
అప్పటికి నాకొచ్చింది రెండే మాటలు,
మాఫీ ముష్కిల్.
ఏమీ ఇబ్బంది లేదని వాటి అర్థం.
ఎవరు కొట్టినారు? మాఫీ ముష్కిల్.
ఈ రక్తమేంది? మాఫీ ముష్కిల్.
మెట్ల మీంచి జారిపడిందని రాసుకోని పోయినాడాయన.
ఆ ఇంటికి మెట్లే లేవు.

"అంతా నోటి మాటే, రుజువేది?" అన్నాడు పోలీసాయన.
నేను తెలుగులోకి తెచ్చేదాకా ఆమె ఆగలేదు.
పండ్లతో ముడి విప్పింది.
తొక్కలు, ముండ్లు పక్కకు తోసి
అడుగు నుంచి ఒక బియ్యం కవరు తీసింది.
అందులో నైటీ. మెడ కాడ చినిగింది.
"పదైదు దినాలు పరుపు కింద దాచినానక్కా.
ఆ ఇంట్లో నేను ఉతకని గుడ్డ ఇదొక్కటే."

ఎవరూ మాట్లాడలేదు.
లోపలి గదిలోంచి ఆడ ఆఫీసరు వచ్చి
చేతులకు తొడుగులేసుకోని
దాన్ని కాగితం సంచిలో పెట్టి, నంబరు రాసి,
రెడ్డెమ్మకు ఒక గ్లాసు నీళ్లిచ్చింది.
నీళ్లు తాగినాక ఆమె చేతులు
ఎక్కడ పెట్టుకోవాల్నో తెలీక
ఒళ్లో తిరగేసి చూసుకుంటా ఉండింది.

ఇప్పుడు రెండు కేసులు.
ఆమె పెట్టింది ఒకటి.
ఇంటాయన పొద్దుటికే పెట్టేసినాడు ఇంకొకటి,
పనిమనిషి పరారీ అని, ఉంగరం దొంగతనమని.
ఏది ముందు నడుస్తుందో నాకు తెలీదు.
పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంది.

షెల్టరుకు కార్లో పోతా అడిగింది:
"అక్కా, వద్దు అని అరబ్బీలో ఎట్ల చెప్పాల?"
"లా."
"అంతేనా?"
"అంతే."
కిటికీకేసి తిరిగి రెండు మూడు తూర్లు అనుకుంది,
లా, లా,
కొత్త చెప్పు కాలికి పడుతుందో లేదో చూసుకున్నట్టు.
చానాసేపటికి అంది:
"నేను తెలుగులోనే అరిచినానక్కా.
వానికి అర్థమైంది."

కారు ఆరో రింగురోడ్డెక్కింది.